మోటారు పడవయు, నీటిలోని మనుష్యులును



పొదిలిలో ముప్పదియేండ్లకు పైగా తెలుగును సంస్కృతమును చెప్పిన బడిపంతులు మోటారు పడవలను గూర్చి ప్రసంగించుట యేమని మీలో కొందఱు నవ్వుకొనవచ్చును. నవ్వదగినదే. మా పొదిలి సముద్రపుటూరు గాదు. ఒంగోలునకు పడమరగా, కంది, ప్రత్తి, మిరప పండు మెట్ట పొలముల నడుమ, వాన కొఱకు ఆకాశమువంక చూచుచు కూర్చుండు ప్రాంతము మాది. నాకు ఈత రాదు. పడవయన్న నాకు చిరకాలము తెలిసినది అమరకోశపు వారివర్గములో వల్లించిన నౌక, తరణి, తరి యను పర్యాయపదములే. ఆ గ్రంథమున తెడ్డునకు పేరున్నది, చుక్కానికి పేరున్నది. చుక్కాని పట్టువానికి కర్ణధారుడని చక్కని పేరున్నది. పడవను వెనుకనుండి త్రోయు రెక్కల చక్రమునకు మాత్రము పేరు లేదు. అమరసింహుని కాలమున నది పుట్టలేదు. ఆ చక్రమును గూర్చియే నేడు నేను చెప్పదలచితిని. దానిని ప్రొపెల్లరని యందురు.

నా కుమార్తె కొడుకు విశాఖపట్టణమున ఉద్యోగము చేయుచు, సెలవు దినములందు సముద్రములో మునుగు విద్య నేర్చెను. స్కూబా యని దాని పేరు. వీపున గాలి నింపిన సిలిండరు, నోట నొక గొట్టము, కన్నులకు అద్దము, పాదములకు రబ్బరు తెడ్లు. ఈ సామగ్రితో మనుష్యుడు నీటి యడుగున ముప్పావు గంట చేపలతో కలసి తిరుగగలడు. 1943వ సంవత్సరమున ఫ్రాన్సు దేశములో కూస్తో యను నావికాధికారియు, గాన్యా యను ఇంజనీరును కలసి, అడిగినంత గాలి నందించు ఈ సాధనమును సిద్ధపఱచిరి. నేడది మన రుషికొండకును, మంగమారిపేటకును వచ్చినది. చింతపల్లి తీరమున మునిగియున్న పాత యోడను మన తెలుగు పిల్లలే దిగి చూచి వచ్చుచున్నారు.

వాడీ విద్య నేర్చుచున్నాడని తెలిసినపుడు నా కుమార్తె రెండు దినములు అన్నము ముట్టలేదు. నేను వారింపలేదు గాని, నాకును భయము లేకపోలేదు. మా భయమంతయు లోతును గూర్చి, సొఱచేపలను గూర్చి, ఊపిరిని గూర్చి. అడుగున కెల్ల క్షేమముగ పోయి వచ్చినవానికి, పైకి తేలిన తరువాత, ఇంటికి తీసికొనిపోవలసిన పడవవలననే ప్రమాదము గలుగునని మాకు తోచలేదు.

రెండేండ్ల క్రిందట నేను విశాఖకు పోయినపుడు, వాడు నన్ను గూడ పడవలో కూర్చుండబెట్టుకొని తీసికొనిపోయెను. ఆ పడవ యెవరిదో చెప్పను. చెప్పుట వలన ప్రయోజనము లేదు. ఆఱుగురు నీటిలో దిగిరి. నేను నారింజ రంగు తేలుడు చొక్కా తొడిగికొని బల్లమీద కూర్చుండి, వారి యూపిరి బుడగలను లెక్కపెట్టుచుంటిని. కొంతసేపటికి ఒకరి వెనుక ఒకరుగా తేలిరి. పడవ వారి చేరువకు పోయినది. సరంగు గేరు మీటను నడిమికి దెచ్చి, ఇంజనును మాత్రము ఆపక, నిచ్చెన దించుమనెను. ఆ నిచ్చెన పడవ వెనుక భాగమున, మోటారునకు మూరెడు దూరమున నుండెను. నా మనుమడు నిచ్చెనను పట్టుకొన్నాడు. ఆ సమయమున ఒక కళాసీ ఖాళీ సిలిండరు నెత్తి ప్రక్కకు పెట్టబోవుచు, తూలి, తొడతో గేరు మీటను తాకెను. ఇంజను గొంతు మాఱినది. సరంగు మెఱుపువలె చేయి చాచి దానిని ఆపివేసెను. అంతయు ఒక రెప్పపాటు. పిల్లవాడు పైకి వచ్చి కూర్చుండి కాళ్లు చూచుకొనెను. ఎడమకాలి తెడ్డు సగము లేదు. కత్తితో కోసిన గుమ్మడి చెక్కవలె అంచు నున్నగా నుండెను. దానికిని వాని వ్రేళ్లకును నడుమ నా జానెడు లేదు.

ఎవరును మాటాడలేదు. కొంతసేపటికి ఆ సరంగు నావైపు తిరిగి, "న్యూట్రల్లోనే పెట్టేనండి, బాబూ" అనెను. అతడు అబద్ధమాడలేదు. న్యూట్రలులోనే పెట్టియుండెను.

ఈ ప్రసంగమంతయు ఆ యొక్క మాటను గూర్చియే.

న్యూట్రలన నేమో మన ప్రాంతమువారికి నేను తేలికగా చెప్పగలను. పాత కాలపు ప్రత్తిగింజలు తీయు మిల్లులలో, నూనె యింజనుతో నడచు మరలలో, ఒకే యిరుసుమీద రెండు చక్రములుండెడివి. ఒకటి యిరుసునకు బిగించినది, ఒకటి ఊరక తిరుగునది. పట్టాను ఊరక తిరుగు చక్రముమీదికి జరిపిన మర యాగును. ఇంజను మాత్రము నడచుచునే యుండును. పనివాండ్రు మర యాగినది గదా యని దానిలో చేయి పెట్టుదురు. పట్టా జాఱి బిగించిన చక్రముమీద పడినదా, చేయి పోయినట్లే. చొప్ప కత్తిరించు మరకును ఇదియే కథ. పడవ మోటారునందలి న్యూట్రలు గూడ నట్టిదే. యంత్రమునకును రెక్కలకును నడుమ సంబంధము తప్పించుటయే గాని, యంత్రము నాపుట గాదు. మీట జాఱవచ్చును, తీగె సాగవచ్చును, ఎవరో తాకవచ్చును. కొన్ని మోటారులలో ఏ మీటయు కదలకయే, లోపలి నూనె యీడ్పువలన రెక్కలు మెల్లమెల్లగా తిరుగుచునే యుండును. తాళపుచెవి త్రిప్పి ఆపినప్పుడే ఆగినట్లు. ఆ తాళపుచెవి సరంగు చేతిలోనో మొలలోనో ఉన్నపుడే నిజముగా ఆగినట్లు.

మెల్లగా తిరుగునది యేమి చేయునని కొందఱు తలచెదరు. లెక్క కట్టుదము. ఇంజను మిక్కిలి నెమ్మదిగా నిమిషమునకు 800 సార్లు తిరుగుచున్నదనుకొందము. గేరులో పడగానే, రెండింట నొకటిగా తగ్గించు పండ్లచక్రములవలన ప్రొపెల్లరు 400 సార్లు తిరుగును. దానికి మూడు రెక్కలు. నిమిషమునకు 1,200 వేట్లు, అనగా ఒక్క సెకండునకు 20 వేట్లు. ఇది నెమ్మది నడక! పడవ పరుగెత్తునపుడు ప్రొపెల్లరు నిమిషమునకు 3,200 సార్లు తిరిగిన, సెకండునకు 160 వేట్లు పడును. తగిలినవాడు కాలు లాగికొందమను తలంపు పుట్టుటకు ముందే అంతయు ముగియును.

ఇంజను చప్పుడు విని మునుగువాడు తప్పుకొనలేడా యని నేను మా మనుమని నడిగితిని. వాడు చెప్పిన సమాధానము నాకు క్రొత్తది. గాలిలో ధ్వని సెకండునకు సుమారు 340 మీటర్లు పోవును; నీటిలో సుమారు 1,500 మీటర్లు. మనము గాలిలో శబ్దము ఏ దిక్కునుండి వచ్చుచున్నదో గ్రహించుట, అది యొక చెవికి ముందుగను, రెండవ చెవికి కొంచెము వెనుకగను చేరుటవలన. నీటిలో ధ్వని వేగము నాలుగింతలు మించుటచే ఆ తేడా మిక్కిలి తగ్గిపోవును. మోటారు చప్పుడు తలచుట్టును నిండియున్నట్లుండును. ఎటనుండి వచ్చుచున్నదో, పైననా ప్రక్కననా, తెలియదు. కావున నీటిలోనివాడు దాదాపు దిక్కెఱుగనివాడు. పడవలోనివానికో, తేలిన తల కొబ్బరికాయంత. ఎండ తళుకులో, అల వెనుక, అదియును కనబడదు. వేగముగా పోవు పడవ ముక్కు పైకి లేచి, ముందున్న నీటిని సరంగు కంటికి మఱుగుపఱచును. ఒకరికి చూపు లేదు, ఒకరికి దిక్కు తెలియదు. ఇక మిగిలినది తాళపుచెవి.

మఱునాడు నా మనుమడు నన్ను వేఱొక పడవలో తీసికొనిపోయెను. నేను రానంటిని. "తాతయ్యా, ఇది చూడకుండా పొదిలి వెళ్ళవద్దు" అని పట్టుపట్టెను. ఆ పడవ సరంగు జాలరి కులమున పుట్టి, చిన్ననాడు తెప్పమీదను, పిమ్మట మోటారు పడవమీదను బ్రదికిన పెద్దవాడు. అతడు చేసిన పని నేను శ్రద్ధగా గమనించితిని.

మునుగువారు తేలకముందే, నీటినుండి పొడవైన నారింజ రంగు గొట్టమొకటి లేచి నిలువబడినది. అడుగుననుండియే గాలి నింపి త్రాటితో పైకి వదలు తేలుడు గుర్తు అది. దానిని చూడగానే సరంగు వేగము తగ్గించి దూరముననే నిలిచెను. తలలు తేలినవి. ఒక్కొక్కరు చేయి వంచి నెత్తిమీద తాకించి, క్షేమమని సంజ్ఞ చేసిరి. అతడు బిగ్గరగా లెక్కించెను. దిగినవారు అయిదుగురు, తేలినవారు నలుగురే. అయిదవ తల కనబడువఱకు పడవను అంగుళమైన ముందునకు కదల్పలేదు. తరువాత గాలికి ఎదురుగా, ముక్కు వారివైపు నుంచి, మిక్కిలి నెమ్మదిగా సమీపించి, నలుబది యడుగుల దూరముననే ఇంజనును ఆపివేసెను. తాళపుచెవి తీసి జేబులో వేసికొనెను. గాలి పడవను వెనుకకే త్రోయును గాని మనుష్యుల మీదికి తేదు. పిమ్మట బంతి కట్టిన పొడవైన త్రాటిని వారివైపు విసరెను. వారు దానిని పట్టుకొని తామే దగ్గఱకు వచ్చిరి. నిచ్చెన ప్రక్కభాగమున, మోటారునకు దూరముగ వ్రేలాడుచుండెను. ఒక్కరు ఎక్కుచుండగా తక్కినవారు త్రాటివద్దనే నిలిచిరి. అందఱును ఎక్కి, నిచ్చెన పైకి లాగి, త్రాడు చుట్టి, మఱల లెక్క సరిచూచి, పడవ నలుప్రక్కలను తొంగిచూచి, అప్పుడు తాళపుచెవి పెట్టెను.

"ఇంజను ఆపితే మళ్ళీ అంటుకోదని భయం లేదా?" యని నేనడిగితిని. ముందటి దినపు సరంగు చెప్పిన కారణము అదియే. ఆపిన యింజను తిరిగి అందుకొనకపోయిన యెడల అలలు రాళ్లమీదికి కొట్టునని. ఇది పిచ్చిమాట గాదు. రాతి తీరమున చచ్చిన యింజనుతో నున్న పడవ ఆఱుగురిని గాదు, పన్నెండుగురిని ముంచగలదు. ఈ వృద్ధుడు నవ్వి, "అంటుకోదని అనుమానం ఉన్న ఇంజనుతో మనుషుల్ని సముద్రంలో దించకూడదు బాబూ, ఒడ్డునే బాగుచేయించుకోవాలి" అనెను. రాళ్లకు మిక్కిలి దగ్గఱగా ఎవరైన తేలిన యెడల, పడవను అచ్చటికి తీసికొనిపోక, వారినే ఆవలికి ఈదుకొని రమ్మని చేయి చూపుదునని చెప్పెను. ఇంజను నడువక తప్పని చోట మనుష్యుని దగ్గఱకు పిలువరాదు. మనుష్యుని పిలిచిన చోట ఇంజను నడువరాదు. అతని పద్ధతి యంతయు ఇంతే.

అతడు చెప్పిన మఱియొక సంగతి నాకు చాల నచ్చినది. క్రొత్తగా మోటారు పడవ నేర్చువారు దానిని ఎడ్లబండి యనుకొందురట. బండిని ఎద్దులు ముందునుండి లాగును; ముందు పోయిన దారినే వెనుకచక్రము వచ్చును. పడవను యంత్రము వెనుకనుండి త్రోయును. ముక్కు కుడికి తిరుగునపుడు తోక యెడమకు విసరును. పడవకు ఎడమ ప్రక్కన నీటిలో నొకడు హఠాత్తుగా కనబడెను. వానికి దూరముగ తొలగుదమని సరంగు కుడికి త్రిప్పెను. ఏమి జరిగినది? ముక్కు తొలగినది గాని, రెక్కల చక్రము తిన్నగా వానిమీదికి పోయినది! వెంటనే ఇంజను ఆపవలయును. ఆపుటకు లేశమైన వ్యవధి లేకున్న, ముక్కును వానివైపే త్రిప్పిన తోక యావలికి జఱుగును. దయతో చేసిన పనియే ప్రాణము దీయుట కిది యుదాహరణము.

ఇంకొకటి. ఆ పెద్దవాని మణికట్టునకు ఎఱ్ఱని చుట్టల త్రాడొకటి తగిలించియుండెను; దాని రెండవ కొన మోటారు మీటవద్ద గ్రుచ్చియుండెను. సరంగు తూలి నీటిలో పడిన యెడల ఆ త్రాడు ఊడివచ్చి ఇంజను తనంత తానాగును. అది లేకున్న, చుక్కాని వదలిన పడవ గుండ్రముగ తిరిగి తిరిగి, పడిన తన యజమాని మీదికే వచ్చును. అమెరికాలో 26 అడుగుల లోపు మోటారు పడవలు నడుపువారు వేగముగ పోవునపుడు ఇట్టి సాధనమును తప్పక వాడవలయునని 2021 ఏప్రిలు 1వ తేదీనుండి చట్టమైనది. మన పడవలలో అనేక మోటారులకు ఈ త్రాడు కొన్ననాడే వచ్చును. అది ఎక్కువగా మేకునకు వ్రేలాడుచుండుట నేను చూచితిని.

రెక్కలచుట్టును ఇనుప వలయము బిగించినచో చాలదా యని మీ రడుగవచ్చును. కొంత మేలే. కాని సన్నని చేయి అందులో దూఱును, వేగముగ వచ్చు వలయమే సమ్మెటవలె తగులును. మఱియు, ఆపని యింజను వెనుక పొగలో విషవాయువు గలదు. రంగు లేదు, వాసన లేదు. అలసి తేలినవాడు వెనుక నిచ్చెనవద్ద దానినే పీల్చును. ఇంజను నాపుటకిది రెండవ కారణము.

ఇంతవఱకు చెప్పినది మునుగువారి సొంత పడవను గూర్చి. పరుల పడవలనుండి కాపాడుకొనుట వేఱు సంగతి. 2000వ సంవత్సరము డిసెంబరు 18వ తేదీన మెక్సికో దేశపు కోజుమెల్ దీవి వద్ద కర్స్టీ మాకాల్ అను ఆంగ్ల గాయని తన యిద్దఱు కుమారులతో మునిగి తేలుచుండెను. అచ్చట మోటారు పడవలకు ప్రవేశము లేదు. అయినను ఒక పడవ వేగముగా వచ్చినది. ఆమె కుమారుని ప్రక్కకు నెట్టి తాను దానికి బలియయ్యెను. పిల్లవాడు బ్రదికెను. ఈ వృత్తాంతము నా మనుమడు చెప్పగా నా కుమార్తె వినినది. మాటాడక లేచి వంటయింటిలోనికి పోయినది.

అట్టి ప్రమాదము తప్పించుటకే జెండాలున్నవి. తెలుపు నీలము రంగులు గలిగి, కొన చీలిన జెండా పడవమీద ఎగురుచున్న, "నా మనుష్యుడు నీటి క్రింద నున్నాడు, దూరముగ, నెమ్మదిగ పొండు" అని అన్ని దేశముల నావికులకును అర్థము. ఎఱ్ఱని గుడ్డమీద ఏటవాలుగా తెల్లని పట్టీ గల జెండాయును అట్టిదే. అయితే జెండా చదువనేర్చినవానికే జెండా. వేకువను వలకు పోవు మన మత్స్యకారులకు ఈ గుడ్డల యర్థము ఎవ్వరు చెప్పిరి? వారికి చెప్పక, జెండా కట్టితిమి గదా యనుట, చదువు రానివానికి తెలివైన యుత్తరము వ్రాసి జవాబు రాలేదని కోపించుట వంటిది. తీరపు బడులలో రెండు జెండాలును గోడమీద వ్రాయించిన నెంత వ్యయమగును?

ఇదంతయు విశాఖలోని కొందఱు వేడుకగాండ్ర సంగతి యనుకొనవలదు. 2017 నవంబరు 12వ తేదీన కృష్ణానదిలో, ఇబ్రహీంపట్నము ఫెర్రీ వద్ద, పడవ బోల్తాపడి మన ఒంగోలువారు పలువురు మృతిచెందుట మీరు మఱచియుండరు. అట్టి యాపదలో చుట్టునున్న ప్రతి మోటారు పడవయు సహాయమునకు పరుగెత్తవలసినదే. కాని నీటినిండ తలలు తేలుచున్నపుడు, ఆ గుంపులోనికి ఇంజనుతో దూఱుట సహాయము గాదు. దూరమున ఆపి, త్రాడు, డబ్బా, చొక్కా, తెడ్డు, ఏది చేతికి దొరకిన నది విసరి, లాగికొనవలయును. గాయపడినవానిని తీయునపుడు మొదటి పని ఇంజను నాపుట; రెండవది గాయముమీద గుడ్డ యదిమి, పట్టు వదలక నొక్కియుంచుట; పిమ్మట 108. సముద్రమున నయిన తీరరక్షక దళపు సంఖ్య 1554.

మా కొత్తపట్నము, వాడరేవు తీరములందు సిలిండరు గట్టుకొని మునుగువారు లేకపోవచ్చును. కాని నైలాను వల ప్రొపెల్లరునకు చుట్టుకొనినపుడు, కత్తి పండ్ల కఱచి పడవ క్రిందికి దూఱు కుఱ్ఱవాండ్రున్నారు. వారికి జెండా లేదు, గొట్టము లేదు, లెక్కించువాడు లేడు.

మొన్నటి సంక్రాంతికి అట్టివాడొకడు, నా పాత శిష్యుని మేనల్లుడు, మా యింటికి వచ్చెను. ఆ తెగిన రబ్బరు తెడ్డు నా పుస్తకముల బీరువామీద నున్నది. "ఇదేంటి, మాస్టారూ?" అని యడిగెను. చెప్పితిని. "వల చుట్టుకొంటే నీవు ఇంజను ఆపి దిగుదువా?" యని యడిగితిని. "గేరు తీసి దిగుతానండి. ఆపితే మళ్ళీ తాడు లాగి అంటించాలి కదా, చేతులు పడిపోతాయి" అనెను. నేనేమియు ననక తెడ్డును దించి వాని చేతి కిచ్చితిని. వాడు ఆ కోసిన యంచుమీద బొటనవ్రేలితో చాలసేపు రాచుచు కూర్చుండెను.